గంటకు ఒక్క ఆట

నేను ఏడో తరగతి దాకా చదివిన బడి సూరత్‌లో తెలుగు మాధ్యమంలో నడిచే కొద్ది బడుల్లో ఒకటి. పొద్దున ఏడు నుంచి పన్నెండు వరకు అందులో తెలుగు పిల్లలు కూర్చుంటారు. ఆ తర్వాత అవే బెంచీల మీద మరాఠీ పిల్లలు. గోడ మీద రెండు భాషల ఎక్కాలూ పక్కపక్కనే ఉంటాయి. తెలుగు పిల్లల్లో నూటికి తొంభై మంది మగ్గాల ఇళ్ళవాళ్ళే. మాదీ అలాంటి ఇల్లే. ఎలక్ట్రికల్ డిప్లొమా చేసి, ఇప్పుడు ఖటోదరాలో ఒక మగ్గాల షెడ్డులో మోటార్లూ ప్యానెల్ బోర్డులూ చూసుకుంటున్నాను.

నాకు లెక్కలు చెప్పిన టీచర్ ఇంకా అదే బడిలో ఉన్నారు. రెండేళ్ళ కిందట ఒక సాయంత్రం ఆమె కూరగాయల బండి దగ్గర కనిపించి, కుశల ప్రశ్నలేవీ లేకుండా నేరుగా విషయానికి వచ్చారు.

"ఏం రా, ఇంకా చదరంగం ఆడుతున్నవా?"

"అప్పుడప్పుడు ఫోన్ల ఆడుత, టీచర్."

"ఫోన్ల గాదు, మనుషులతోని. శనివారం పొద్దుగాల గంట సేపు బడికి రా. మన పిల్లలకు నేర్పాలె."

"మీకు ఆట వస్తదా?"

"రాదు. ఆట నువ్వు నేర్పు. ఆలోచన సంగతి నేను సూసుకుంట."

ఎందుకని అడిగితే సంచిలోంచి ఆరో తరగతి పిల్లల నోటు పుస్తకం ఒకటి తీసి, వంకాయల మీద పెట్టి తెరిచారు. లెక్క ఇది: ఒక ముక్కలో నలభై మీటర్ల బట్ట ఉంది. చీరకు ఆరు మీటర్ల చొప్పున ఎన్ని చీరలు వస్తాయి, ఎంత మిగులుతుంది? పిల్లవాడు నలభైని ఆరుతో హెచ్చించి రెండు వందల నలభై చీరలని రాశాడు. కింద రెండు గీతలు కూడా గీశాడు.

"సగం క్లాసుది ఇదే జవాబు," అన్నారు టీచర్. "పుట్టినప్పటి సంది బట్టల నడుమ పెరిగిన పిల్లలు రాసిన్రు. వాళ్ళకు తెల్వక గాదు. సూడకముందే చెయ్యి ఉరుకుతది."

ఆ శనివారం నేను వెళ్ళాను. పద్దెనిమిది మంది పిల్లలు, తొమ్మిది బోర్డులు. ఒక సెట్టులో నల్ల ఏనుగు లేకపోతే దాని చోట ఖాళీ దారపు రీలు నిలబెట్టాం. బొమ్మల నడక నేర్పడానికి రెండు వారాలు చాలు. పిల్లలు చురుకైనవాళ్ళు, కానీ టీచర్ చెప్పిన జబ్బు అందరికీ ఉంది. ఎదుటివాడు చెయ్యి తీయకముందే వీళ్ళ చెయ్యి గుర్రం మీద ఉండేది. వజీర్‌ను, అంటే మంత్రిని, ఉట్టి పుణ్యానికి పోగొట్టుకుని, "అరె యార్, దిఖా నహీ!" అని, చూసుకోనందుకు నెత్తి కొట్టుకునేవాళ్ళు. మరుసటి ఆటలో మళ్ళీ అదే.

టీచర్ ఆ రెండు వారాలూ వెనక బెంచీ మీద కూర్చుని ఊరికే చూశారు. మూడో శనివారం ఎక్కడినుంచో పద్దెనిమిది పలకలు తెచ్చారు.

"ఇప్పటి సంది ఎవలూ బొమ్మను ముందు ముట్టుకోవద్దు. ఏం కదుపుతరో పలక మీద రాయిన్రి. దాని కింద, అవతలోడు ఏం కదుపుతడో అది గూడ రాయిన్రి. తప్పనిపిస్తే తుడుసుకోన్రి. పలక తుడిస్తే తప్పు గాదు, బొమ్మను ఎనుకకు తీస్తే తప్పు."

ఒక్క నియమం, రెండు వరుసలు, ఒక తడిగుడ్డ. డిప్లొమాలో మూడేళ్ళపాటు మాకు నూరిపోసింది కూడా ఇదే: వైరును ముట్టుకోకముందు టెస్టర్ పెట్టి చూడు. ఆ జాగ్రత్తను చదరంగం రాని మనిషి చదరంగంలోకి తీసుకొచ్చారు. అది చూసి నాకు నిజంగా సిగ్గేసింది. రెండు వారాలుగా నేను "ఆలోచించి ఆడండి, ఆలోచించి ఆడండి" అని అరుస్తూనే ఉన్నాను తప్ప, ఆలోచించడమంటే చేతులతో చేసే పని ఏమిటో వాళ్ళకు చెప్పలేదు.

నెల తిరిగేసరికి బోర్డుల దగ్గర చప్పుడు మారింది. బొమ్మల టకటకల బదులు బలపాల కీచుమోత. ఒకరోజు లెక్కల క్లాసులో ఒక పిల్లవాడు జవాబు రాసి, కాసేపు దానివైపు చూసి, తనంతట తానే కొట్టేసి, "టీచర్, గిన్ని చీరలు రావు గద," అన్నాడట. ఆ మాట నాకు చెబుతున్నప్పుడు టీచర్ ముఖం చూడాల్సింది. పండగ రోజు కూడా ఆమెను అంత సంతోషంగా చూడలేదు.

అంతా బాగున్న ఆ సమయంలోనే నేను ఒక పట్టిక తయారుచేశాను.

మా షెడ్డులో ద్వారం పక్కన పెద్ద బోర్డు ఉంటుంది. దాని మీద ఒక్కో నేతపనివాడి పేరు, ఆ వారం అతను దించిన తాకాల సంఖ్య. తాకా అంటే మగ్గం మీంచి దిగే బట్ట చుట్ట. ఎక్కువ తాకాలు దించినవాడి పేరు పైన, తక్కువ దించినవాడి పేరు కింద. సూరత్‌లో ఏ షెడ్డుకు వెళ్ళినా ఇలాంటి బోర్డు ఏదో ఒకటి కనిపిస్తుంది. మా షెడ్డు బోర్డును వారం వారం కంప్యూటర్‌లో తయారుచేసి ముద్రించేది నేనే. నాకు అన్నిటికీ పట్టిక ఉంటే గానీ మనసు కుదుటపడదు. అందుకని అదే మూసలో పిల్లల పేర్లు ఎక్కించి, ఆ నెలలో ఎవరు ఎన్ని ఆటలు పూర్తిచేశారో రాసి, తరగతి గోడకు అంటించాను. పిల్లలు ఉత్సాహపడతారనుకున్నాను.

పడ్డారు కూడా. ఎంతగా అంటే రెండో శనివారానికి ఒక్కో జత గంటలో ఏడెనిమిది ఆటలు పూర్తి చేస్తోంది. మొదట నేను పొంగిపోయాను. తర్వాత ఒక బోర్డు పక్కన నిలబడి చూశాను. ఒకడు ఒంటె ముందున్న బంటునూ గుర్రం ముందున్న బంటునూ తోసి తన రాజుకు దారి తెరిచేస్తున్నాడు. రెండోవాడు వజీర్‌ను ఏటవాలుగా తెచ్చి ఆట కట్టేస్తున్నాడు. రెండే ఎత్తులు. మళ్ళీ బొమ్మలు పేర్చుకుని, ఈసారి మొదటివాడు గెలుస్తున్నాడు. పలకల మీద కూడా ముందే రాసిపెట్టుకున్నారు.

"ఇదేం ఆట రా?" అన్నాను.

"సార్, వాడికి ఒక తాకా, నాకు ఒక తాకా," అన్నాడు వాడు, అందులో దాచాల్సిందేమీ లేనట్టు.

వాళ్ళను తప్పు పట్టడానికి లేదు. పేరు పక్కన అంకె ఉంటే ఆ అంకె పెంచాలని మగ్గాల ఇంట్లో పుట్టిన పిల్లలకు ఎవరూ నేర్పక్కర్లేదు. తర్వాతి వారం పట్టిక పీకేద్దామనుకున్నాను. ఆ వారం మధ్యలోనే వాలీ మీటింగ్ వచ్చింది. తల్లిదండ్రుల సమావేశాన్ని ఇక్కడ అలా అంటారు. అందరూ ఆ గదిలోనే కూర్చున్నారు. పట్టిక ఇంకా గోడ మీదే ఉంది.

ఆ పట్టికలో అట్టడుగున, పద్దెనిమిదో వరుసలో, ఆరో తరగతి అమ్మాయి ఒకతె ఉంది. నెలలో ఆమె పూర్తిచేసిన ఆటలు: సున్నా. ఆడనందుకు కాదు. పలక నియమాన్ని తు.చ. తప్పకుండా పాటించే పిల్ల ఆమె ఒక్కతే. రాస్తుంది, తుడుస్తుంది, మళ్ళీ రాస్తుంది. గంటకు ఒక్క ఆట, అదీ పూర్తికాకుండానే బెల్లు కొడతారు. పూర్తికాని ఆటను నా పట్టిక లెక్కపెట్టదు. ఆమె ఎత్తులను మాత్రం నేను ఒక కాగితం మీద రాసుకునేవాణ్ణి.

ఆ అమ్మాయి తండ్రి మా షెడ్డులోనే నేతపనివాడు. ఆయన లేచి పట్టిక దగ్గరికి వెళ్ళి, పై నుంచి కిందికి వేలు జరుపుతూ వచ్చి, చివరి వరుస మీద ఆపాడు. నేను రెండు బెంచీల అవతలే ఉన్నాను.

"ఏంది మేడం, గిదేం లెక్క? అందరు ఇరవై, ముప్పై. నా బిడ్డకు సున్నానా?"

"అది సున్నా గాదు అన్నా..." అని టీచర్ అనబోయారు.

"సదువు రాదు నాకు. సున్నా ఎర్కే." ఆయన గొంతు పెంచలేదు. "రేపటి శనారం సంది దాన్ని గీ ఆటకు పంప. ఇంట్ల తల్లి చీరలకు రాళ్ళు అంటిస్తది, పక్కన కూసుంటది. జర చేతి ఉరుకుడన్న వస్తది."

అమ్మాయి తలుపు దగ్గర నిలబడి వింటోంది. ఏడవలేదు. పట్టిక వైపు చూడలేదు. నా వైపు చూసింది. నేను చూపు తిప్పుకున్నాను.

మీటింగ్ అయ్యాక గదిలో టీచర్, నేను మిగిలాం. ఆమే కుర్చీ ఎక్కి పట్టికను ఊడదీసి, నాలుగు మడతలు పెట్టి నా చేతికిచ్చారు. తిట్టినా ఇంత బాధ ఉండేది కాదు.

మర్నాడు షెడ్డు బయట చాయ్ బండి దగ్గర అమ్మాయి తండ్రిని పట్టుకున్నాను. వట్టి చేతులతో వెళ్ళలేదు. చదరంగం వల్ల పిల్లలకు కలిగే మేలు గురించి ఐదు అంశాలు కాగితం మీద రాసుకుని వెళ్ళాను.

"కాకా, ఆ చార్ట్ తప్పు నాది."

"తప్పెక్కడిది తమ్మీ? నువ్వు రాసినవ్, నేను సూసిన."

కాగితం తీసి చదివాను. ఒకటి, ఏకాగ్రత. రెండు, ముందుచూపు. మూడు, ఓర్పు. ఐదూ అయ్యేదాకా ఆయన ఓపిగ్గా విన్నాడు.

"గివి ఎవలు రాసిండ్రు?"

"నేనే."

"మంచిగ రాసినవ్. చాయ్ సల్లారుతది, తాగు."

పక్కన గ్లాసు పట్టుకుని నిలబడ్డ ఇంకో నేతపనివాడు మా మాటలు విని పకపకా నవ్వాడు. "ఏం బావా, నీ బిడ్డ గూడ అచ్చం నీ లెక్కనేనట గద! మగ్గం ఆపి సూసుకుంట కూసుంటదట!"

ఆయన నవ్వలేదు. అతను వెళ్ళిపోయేదాకా ఆగి, నాతో మెల్లగా అన్నాడు: "ఇన్నవా? ఇరవై ఏండ్ల సంది నన్నంటున్నరు. నన్నంటే అననీ. అది ఆడిపిల్ల, ఆరో తరగతి. దానికెందుకు గీ పేరు?"

షెడ్డు బోర్డు మీద ఆయన పేరు ఎప్పుడూ కింది నుంచి రెండో మూడో స్థానంలో ఉంటుంది. అలా ముద్రించేది నేనే. ఆ మధ్యాహ్నం మొదటిసారి ఇంకో పుస్తకం తెరిచాను. బట్ట మడత పెట్టేచోట, లోపాలున్న తాకాలను వెనక్కి పంపేటప్పుడు రాసే పుస్తకం అది. మూడు నెలల పేజీలు తిప్పాను. దాదాపు ప్రతి ఒక్కరి పేరూ పదే పదే కనిపించింది. ఆయన పేరు ఒక్కసారే ఉంది, అదీ నూలులో లోపమని పక్కన రాసి. దారం తెగి మగ్గం ఆగితే తక్కినవాళ్ళు చేతికందిన పోగు ముడేసి మీట లాగుతారు. ఆయన వెనక్కి వెళ్ళి, ఏ పోగు ఎక్కడ తెగిందో వెతికి, దాని పక్క పోగులు కూడా వేలితో తడిమి చూసి, అప్పుడు గానీ నడపడు. ఐదేళ్ళుగా ఆ షెడ్డులో తిరుగుతూ ఇది నా కళ్ళారా చూస్తూనే ఉన్నాను. ఒక్క పట్టికలోనూ ఎక్కించలేదు.

ఆ సాయంత్రం టీచర్ ఇంటికి వెళ్ళి చాయ్ బండి సంగతీ, ఆ పుస్తకం సంగతీ రెండూ చెప్పాను.

"నువ్వు ఆయనకు ఇంకేం సెప్పకు," అన్నారామె. "నేను గూడ సెప్ప. బిడ్డనే సెప్తది. ఆ పిల్ల మొన్నటి ఆట రాసి పెట్టినవా?"

"పెట్టిన టీచర్."

"ఎత్తెత్తు?"

"ఎత్తెత్తు. టైమ్ గూడ."

"గిందుకన్న పనికొచ్చినవ్."

శనివారం జాబితాలోంచి పేరు తీసేయాలంటే తండ్రి వచ్చి సంతకం పెట్టాలని ఆమె కబురు పంపారు. అలాంటి నియమమేదీ బడిలో లేదు. ఆ వారం ఆయనది రాత్రి పాళీ కావడంతో శనివారం ఉదయం ఎనిమిదింటికి షెడ్డు నుంచి నేరుగా వచ్చాడు. జుట్టు మీద నూలు దుమ్ము, కళ్ళు ఎర్రగా. సంతకం ఎక్కడ పెట్టాలని అడిగాడు.

"పెడుదురు గని, జర కూసోన్రి అన్నా," అని టీచర్ ఆయన్ని బోర్డు పక్కన బెంచీ మీద కూర్చోబెట్టారు. ఎత్తులు రాసిన నా కాగితం చూసి నేను బొమ్మలు పేర్చాను. కిందటిసారి ఆట ఆగిపోయే ముందు, అమ్మాయి ఏడు నిమిషాలు ఆలోచించిన స్థితి అది. ఎదుటి వైపు అప్పుడాడిన పిల్లవాడే కూర్చున్నాడు.

టీచర్ అమ్మాయిని అడిగారు: "వీని గుర్రం గిక్కడ ఒంటరిగ ఉన్నది. నీ వజీర్‌తోని కొట్టచ్చు. ఉట్టిగనే దొరికేది. ఎందుకు కొట్టలే?"

అమ్మాయి తండ్రి వైపు ఒకసారి చూసింది. తర్వాత బోర్డు వైపు తిరిగి మొదలుపెట్టింది. బొమ్మల గురించి మాట్లాడుతున్నప్పుడు ఆమె గొంతే వేరు.

"మొదలు కొడుదామనే రాసిన. మల్ల తుడిసిన. వజీర్ పోతే ఎనుక వరుస ఖాళీ అయితది, బాపు. వీని ఏనుగు సీదా లోపటికి వస్తది. రాజు పోనీకి జాగ లేదు. ముంగట మూడు బంట్లు మనయే అడ్డం నిలవడ్డయి. మనోళ్ళే మనల్ని లోపట పెట్టి తాళమేసినట్టు."

"అయితే?" అన్నాడు తండ్రి.

"అయితే ఖతం. గుర్రం దొరికింది గని ఆట పోయింది."

"మరి నువ్వేం జేసినవ్?"

"గీ చివరి బంటును ఒక్క గడి ముంగటికి జరిపిన. రాజుకు కిటికీ తెరిచినట్టు. ఇగ వాడు ఏనుగు తెచ్చినా రాజు బయటికి పోతడు."

ఎదుటి పిల్లవాడు చేతులు కట్టుకుని, "అంకుల్, నేను కావాల్నే పెట్టిన ఆ గుర్రం. అందరు తింటరు. ఈమెనే తినలే," అన్నాడు, కొంచెం ఫిర్యాదులా.

తండ్రి ముందుకు వంగాడు. ఏనుగు ఉన్న గడి నుంచి వెనక వరుస దాకా వేలు జరిపాడు, పోగు వెతికేటప్పుడు జరిపినట్టే. వేలు రాజు దగ్గర ఆగింది. మూడు బంట్లనూ ఒక్కొక్కటిగా తాకి చూశాడు. ఆయనకు చదరంగం రాదు. ఏనుగు తిన్నగా నడుస్తుందని కూతురు అప్పుడే చెప్పింది, అంతే. అయినా సరైన చోటే వెతికాడు.

"గిదంత చెయ్యి పెట్టకుండనే సూసినవా? మనసులనే?"

"పలక మీద, బాపు."

"ఎన్నిసార్లు తుడిసినవ్?"

"మూడు సార్లు."

షెడ్డు పుస్తకం సంగతి నా నోటి దాకా వచ్చింది, మింగేశాను. ఆ గదిలో అప్పుడు ఎవరు మాట్లాడాలో, ఎవరు ఊరుకోవాలో టీచర్ నాకంటే బాగా ఎరుగుదురు.

"ఆట ఆగిపోయింది గద, పూర్తి చేయిన్రి," అన్నారామె.

ఆడారు. ఆ గుర్రం వెనక్కి తగ్గింది. అమ్మాయి ప్రతి ఎత్తుకూ రాసింది, తుడిచింది, మళ్ళీ రాసింది. తండ్రి బెంచీ మీద కూర్చునే ఉన్నాడు. ఒకసారి కళ్ళు మూతలు పడుతుంటే ముఖం మీద నీళ్ళు చల్లుకుని వచ్చి మళ్ళీ కూర్చున్నాడు. నలభై నిమిషాల తర్వాత అమ్మాయి ఓడిపోయింది. ఆమె ఎదుటివాడి ఏనుగు మీదే చూపు పెట్టుకుని ఉండగా, బోర్డు అంచున అతని మామూలు బంటు ఒకటి గడి గడి నడుచుకుంటూ చివరి వరుసకు చేరి వజీర్ అయిపోయింది. ఆ తర్వాత ఎక్కువ సేపు పట్టలేదు.

గెలిచి ఉంటే పని సులువయ్యేదని ఆ క్షణంలో అనుకున్నాను. టీచర్ ముఖంలో మాత్రం ఏ మార్పూ లేదు.

తండ్రి ముందు ఆ పిల్లవాడి భుజం తట్టాడు. "మంచిగాడినవ్ బిడ్డా." తర్వాత కూతురితో, "ఏడ పోయింది?" అన్నాడు.

"ఏనుగునే సూసిన బాపు. బంటును సూడలే."

"ఎప్పటి సంది సూడలే?"

అమ్మాయి కాసేపు ఆలోచించి, బొమ్మలను ఒక్కొక్కటే వెనక్కి పేర్చడం మొదలుపెట్టింది. నా కాగితం అడగలేదు. అన్నీ జ్ఞాపకం మీదే. ఆరు ఎత్తులు వెనక్కి వెళ్ళి ఒకచోట ఆగి, పలక మీద ఏదో రాసింది. చుట్టూ తక్కిన పిల్లలు చేరారు. ఎవరో "ఇక్కడే రోకనా థా, ఆపేదుండె!" అన్నారు. ఇంకెవరో కాదన్నారు. ఆమె ఇద్దరికీ జవాబివ్వకుండా బోర్డు వైపే చూస్తోంది.

అప్పుడు తండ్రి జేబులో ఫోన్ మోగింది. ఇంటి నుంచి. ఆయన లేచి రెండడుగులు కిటికీ వైపు వేశాడు గానీ, మగ్గాల మధ్య పనిచేసేవాళ్ళందరిలాగే గట్టిగానే మాట్లాడతాడు కాబట్టి గదిలో అందరికీ వినబడింది.

"ఆఁ, ఇంకా బడిలనే ఉన్నం... సంతకం పెట్టలే... లే, బిడ్డ ఇయ్యాల రాదు. రాళ్ళ పని నువ్వే సూసుకో. వచ్చే శనారం గూడ రాదు... గెలవలే, ఓడిపోయింది..." అవతలి నుంచి ఏదో పెద్ద ప్రశ్న వచ్చింది. ఆయన తిరిగి బోర్డు వైపు చూశాడు. "ఆఁ, ఓడిపోయినంకనే. ఏడ తప్పిందో ఎతుకుతున్నది. జర ఆగు, దొరకనీ."